కొత్త వీడియో ఫార్మాట్లకు మద్దతు: పట్టికను పెంచడమా, మానిఫెస్ట్‌ను చదవడమా?

1. నల్లరేగడి

అందరికీ నమస్కారం. మా కళాశాలలో ఇంటర్నెట్ వేగం తక్కువ కాబట్టి, క్రియేటివ్ కామన్స్ లైసెన్సుతో వెలువడే ఇంజినీరింగ్ పాఠాలను రాత్రిపూట మన డౌన్‌లోడర్‌తో దించి, తెల్లవారేసరికి గ్రంథాలయంలోని సర్వర్‌లో పెడుతూ ఉంటాము. ఇటీవల ఒక పాఠాల సైటు తన వీడియోలను ఏవీ1, హెచ్‌ఈవీసీ కోడెక్‌లలోకి (వీడియోను కుదించి నిల్వచేసే పద్ధతులలోకి) మార్చింది. అప్పటి నుంచి మన సాధనం ఆ సైటులో 480పీ హెచ్.264 (పాత కోడెక్) ఒక్కదాన్నే చూపిస్తోంది. మిగతావాటి గురించి లాగ్‌లో "తెలియని ఫార్మాట్, వదిలివేయబడింది" అనే వరుస తప్ప మరేమీ కనబడడం లేదు. బలవంతంగా 1080పీ లింకును ఇస్తే బొమ్మ వస్తోంది గాని శబ్దం రావడం లేదు. శబ్దాన్ని విడిగా తెచ్చి కలిపిన ఫైళ్ళు కంప్యూటర్‌లో బాగానే ప్లే అవుతున్నా, తరగతి గదిలోని టీవీలో ప్లే కావడం లేదు.

సాధనం గుర్తించే ఫార్మాట్ల పట్టికలో ఏవీ1, హెచ్‌ఈవీసీ, ఓపస్ (శబ్దపు కోడెక్) వరుసలను చేర్చితే ఈ మూడూ తీరిపోతాయని అనుకుంటున్నాను. ప్యాచ్ (కోడ్ సవరణ) రాయడానికి సిద్ధంగా ఉన్నాను. బోర్డు మీది సమీకరణాలు 480పీలో వెనుక బెంచీల వారికి కనబడవు గనుక ఇది మాకు నిజంగా అవసరమైన పని.

2. తీగమల్లె (నిర్వహణ)

నల్లరేగడి గారూ, ముందుకు వచ్చినందుకు ధన్యవాదాలు. అయితే పట్టికలో వరుసలు చేర్చే ప్యాచ్‌ను ఇకమీదట తీసుకోకూడదని నా గట్టి అభిప్రాయం. కారణం కొంచెం వివరంగా చెబుతాను.

ఆ పట్టిక మన సొంత ఆలోచన కాదు. 2006లో మొదలైన యూట్యూబ్-డీఎల్ అనే డౌన్‌లోడర్ నుంచి ఆ పద్ధతిని మనవాళ్ళు తీసుకున్నారు. అందులో యూట్యూబ్ వాడే అంకెలకు ఎదురుగా అర్థాలు రాసి ఉండేవి: 18 అంటే 360పీ ఎంపీ4, 22 అంటే 720పీ ఎంపీ4, 43 అంటే వీపీ8 కోడెక్ ఉన్న వెబ్‌ఎం ఫైలు. బొమ్మ, శబ్దం ఒకే ఫైలులో వచ్చే రోజుల్లో అది చక్కగా పనిచేసింది. తరువాత రెండూ విడివిడి ట్రాకులయ్యాయి. 137 అంటే శబ్దం లేని 1080పీ హెచ్.264, 140 అంటే ఏఏసీ శబ్దం, 251 అంటే ఓపస్ శబ్దం. 2013లో వీపీ9, 2018లో ఏవీ1 వచ్చి, ప్రతి రిజల్యూషన్‌కూ మరికొన్ని అంకెలు తోడయ్యాయి. ఆ అంకెలు ఒక సైటు తన లోపలి లెక్క కోసం పెట్టుకున్న గుర్తులే తప్ప ప్రమాణం కావు. అటువంటి పట్టికను మనం అన్ని సైట్లకూ వర్తించేలా పెంచుకుంటూ పోతే, సైటు మారిన ప్రతిసారీ మన సాధనం గుడ్డిదవుతుంది. మీ సైటు విషయంలో జరిగింది అదే.

నా ప్రతిపాదన ఏమిటంటే, మానిఫెస్ట్‌లో, అంటే వీడియో నాణ్యతలను, లింకులను వివరించే జాబితా ఫైలులో, సైటు స్వయంగా రాసే కోడెక్ వాక్యాన్ని చదవాలి. దానికి 2011 నాటి ఆర్‌ఎఫ్‌సీ 6381 అనే ప్రమాణం ఉంది. ఉదాహరణకు "ఏవీ01.0.08ఎం.08" అని ఉంటే, మొదటి భాగం కోడెక్ ఏవీ1 అని చెబుతుంది, తరువాతి సున్నా మెయిన్ ప్రొఫైల్, 08 అంటే లెవెల్ 4.0, పక్కనున్న ఎం మెయిన్ టియర్. చివరి 08 అంటే ఎనిమిది బిట్ల రంగు. "ఏవీసీ1.640028" అనేది హెచ్.264కు చెందినది; అందులోని 64ను పదహారు ఆధారంగా చదివితే వంద, అంటే హై ప్రొఫైల్; 28ని అలాగే చదివితే నలభై, అంటే లెవెల్ 4.0. ఇంత సమాచారం మన చేతికి వస్తూ ఉండగా, మనం దాన్ని చూడకుండా అంకెల పట్టికలో వెతుకుతున్నాము.

3. కృష్ణాతీరం

తీగమల్లె గారి ప్రతిపాదనతో సూత్రరీత్యా ఏకీభవిస్తాను. కాని ఆచరణలో రెండు అభ్యంతరాలు ఉన్నాయి.

మొదటిది: కోడెక్ వాక్యం రాయని సైట్లు ఎన్నో ఉన్నాయి. హెచ్‌ఎల్‌ఎస్ (వీడియోను ముక్కలుగా పంపే యాపిల్ పద్ధతి) ప్రమాణమైన ఆర్‌ఎఫ్‌సీ 8216 కూడా దాన్ని రాయాలని సిఫారసు చేస్తుందే గాని నిర్బంధించదు. పట్టికను తీసివేస్తే, నేడు సక్రమంగా పనిచేస్తున్న చిన్న సైట్లు రేపు ఖాళీ జాబితాను చూపిస్తాయి.

రెండవది: వాక్యం ఉన్నప్పుడు కూడా మొదటి నాలుగు అక్షరాలను మాత్రమే చూసి నిర్ణయిస్తే మోసపోతాము. "ఎంపీ4ఏ" కనబడగానే ఏఏసీ అని రాసే కోడ్ చాలా చోట్ల ఉంది. "ఎంపీ4ఏ.40.2" మామూలు ఏఏసీ; 40.5 హెచ్‌ఈ-ఏఏసీ, 40.34 మాత్రం ఎంపీ3, "ఎంపీ4ఏ.6బి" అన్నా ఎంపీ3యే. అలాగే ఓపస్, ఫ్లాక్ పేర్లను కొందరు పెద్ద అక్షరాలతోను, కొందరు చిన్న అక్షరాలతోను రాస్తారు. చుక్కల తరువాతి భాగాలను కూడా చదివే, అక్షరాల పరిమాణాన్ని పట్టించుకోని ఫంక్షన్ ఒక్కటే ఉండాలి. ఒక్కొక్క సైటు మాడ్యూల్ తన సొంతంగా విడదీసుకోకూడదు.

4. తీగమల్లె (నిర్వహణ)

రెండవ అభ్యంతరాన్ని పూర్తిగా స్వీకరిస్తున్నాను. ఆ ఫంక్షన్ ఉమ్మడి మాడ్యూల్‌లో ఉంటుంది.

మొదటిదానికి నా సమాధానం ఇది. ప్రస్తుతం మన కోడ్‌లో కోడెక్ తెలియకపోతే ఆ వరుసను పారవేస్తున్నాము; నల్లరేగడి గారి లాగ్‌లో కనబడినది ఈ పారవేతే. "ఇందులో వీడియో లేదు" అనేది ఒక స్థితి, "వీడియో ఉంది కాని కోడెక్ పేరు తెలియదు" అనేది వేరే స్థితి. యూట్యూబ్-డీఎల్‌లోను, దాని నుంచి 2021లో విడివడి ఎదిగిన వైటీ-డీఎల్‌పీలోను ఈ తేడా స్పష్టంగా ఉంది: లేదని చెప్పడానికి ఒక విలువ రాస్తారు, తెలియనప్పుడు ఆ గడిని ఖాళీగా వదులుతారు. మనం రెండింటినీ ఒకే ఖాళీ గడిలో వేశాము. వాక్యం లేని సైట్లలో గడి ఖాళీగా ఉంటుంది, వరుస మాత్రం జాబితాలో ఉంటుంది, వాడుకరి కోరితే దిగుతుంది. బైట్లను తెచ్చి డిస్కులో రాయడానికి కోడెక్ పేరు తెలియవలసిన అవసరమే లేదు. పేరు అవసరమయ్యేది ఎంపికకు, తరువాత ట్రాకులను కలపడానికి.

పట్టికను ఒక్క రోజులో తీసివేయము. వాక్యం లేని చోట మాత్రమే దాన్ని సంప్రదించేలా వెనక్కు జరుపుదాము.

5. నల్లరేగడి

వివరణకు కృతజ్ఞతలు. నాకు ఇప్పుడు జాబితా సమస్య అర్థమైంది. శబ్దం లేకపోవడం మాత్రం ఇంకా అర్థం కాలేదు, ఎందుకంటే మానిఫెస్ట్‌లో 1080పీ వరుసకు ఎదురుగా "హెచ్‌వీసీ1.1.6.ఎల్120.90, ఎంపీ4ఏ.40.2" అని రెండు కోడెక్‌లు రాసి ఉన్నాయి. అంటే అందులో హెచ్‌ఈవీసీ బొమ్మ, ఏఏసీ శబ్దం రెండూ ఉన్నాయని కదా? దిగిన ఫైలును పరిశీలిస్తే వీడియో ట్రాకు ఒక్కటే ఉంది.

6. పాలపిట్ట

నల్లరేగడి గారూ, మీరు చూసింది హెచ్‌ఎల్‌ఎస్ మానిఫెస్ట్. అందులో చాలామంది తడబడే చోటు ఇదే కాబట్టి కొంచెం నిదానంగా చెబుతాను.

హెచ్‌ఎల్‌ఎస్ మాస్టర్ ప్లేలిస్టులో స్ట్రీమ్-ఇన్ఫ్ ట్యాగ్ ఒక్కొక్క నాణ్యతను వర్ణిస్తుంది. ఆ ట్యాగ్‌లోని కోడెక్ వాక్యం, ఆ వరుసకు ఎదురుగా ఉన్న ఫైలులో ఏముందో చెప్పదు. ఆ నాణ్యతను ఎంచుకున్న ప్లేయర్ మొత్తం మీద ఏయే కోడెక్‌లను విప్పవలసి వస్తుందో చెబుతుంది. అదే ట్యాగ్‌లో ఆడియో అనే లక్షణం ఉండి, ఒక గుంపు పేరును సూచిస్తూ ఉంటే, శబ్దం ఆ గుంపులో ఉందని అర్థం. ఇక ఆ గుంపు పేరుతో ఉన్న మీడియా ట్యాగ్‌ను వెతికి చూడాలి. దానికి సొంత లింకు ఉంటే శబ్దం విడి ప్లేలిస్టులో ఉంది. సొంత లింకు లేకపోతే శబ్దం వీడియోతో పాటే వస్తోంది. మీ సైటులో లింకు ఉండి ఉంటుంది. మన సాధనం కోడెక్ వాక్యంలో ఏఏసీని చూసి, శబ్దం ఇందులోనే ఉందని నమ్మి, విడి ట్రాకును తేలేదు.

ఇందులో ఇంకొక మెలిక ఉంది. ఒకే గుంపులో రెండు మీడియా ట్యాగ్‌లు ఉండి, తెలుగుకు లింకు లేకుండా, హిందీకి లింకు ఉండే ప్లేలిస్టులు ఉంటాయి. అప్పుడు వీడియోలో తెలుగు శబ్దం ఇమిడి ఉంటుంది, హిందీ మాత్రమే విడిగా ఉంటుంది. గుంపులో ఏదో ఒకదానికి లింకు కనబడగానే వీడియోలో శబ్దం లేదని తీర్మానిస్తే, తెలుగు కోరిన మనిషికి హిందీ అంటగట్టినవారమవుతాము. కాబట్టి ట్యాగ్‌లను ఒక్కొక్కటిగా చూడాలి.

నల్లరేగడి గారి ఫైలుతో సంబంధం లేకపోయినా, ఇదే మాడ్యూల్‌లో ఉన్న మరొక విషయం చెప్పి ముగిస్తాను. హెచ్‌ఎల్‌ఎస్ మొదట్లో ట్రాన్స్‌పోర్ట్ స్ట్రీమ్ ముక్కలతో నడిచేది; ఒక్కొక్క ప్యాకెట్ 188 బైట్లు, ముక్కలను వరుసగా అతికిస్తే చాలు, ఫైలు తయారవుతుంది. 2016లో యాపిల్ ముక్కల ఎంపీ4ను అనుమతించాక ఆ సౌకర్యం పోయింది. ట్రాకు వివరాలన్నీ మ్యాప్ ట్యాగ్ చూపే మొదటి భాగంలో ఉంటాయి. దాన్ని తేకుండా మిగతా ముక్కలను ఎంత శ్రద్ధగా అతికించినా ఏ ప్లేయరూ తెరవలేదు. మన కోడ్ మ్యాప్ ట్యాగ్‌ను ప్లేలిస్టు మొదట్లో మాత్రమే చదువుతుంది. మధ్యలో ప్రకటన వచ్చి వెళ్ళిన చోట అది మారవచ్చు. ఆ సవరణను నేను విడి ప్యాచ్‌గా పంపుతున్నాను.

7. మంజీర

టీవీ విషయం నాకు వదలండి; నా రోజువారీ పని ఇదే.

ఫైలు ప్లే కావడానికి కోడెక్, కంటైనర్ (ట్రాకులను ఇముడ్చుకొనే ఫైలు రకం), ట్రాకు గుర్తు మూడూ ఆ పరికరానికి నచ్చాలి. వెబ్‌ఎంలో వీపీ8, వీపీ9, ఏవీ1 బొమ్మ, వోర్బిస్, ఓపస్ శబ్దం తప్ప వేరేవి పెట్టకూడదు. ఎంపీ4లో ఓపస్‌ను పెట్టడానికి నిర్వచనం ఉంది, ట్రాకులను కలిపే ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ సాధనం పెడుతుంది కూడా. కాని పాత టీవీలు దాన్ని గుర్తించక మౌనంగా ఉండిపోతాయి. మత్రోస్కా, అంటే ఎంకేవీ, దాదాపు అన్నింటినీ ఇముడ్చుకుంటుంది. 2024 అక్టోబరులో అది ఆర్‌ఎఫ్‌సీ 9559గా ప్రమాణం కూడా అయింది. అందువల్ల కలిపేటప్పుడు సాధనం రెండు ట్రాకుల కోడెక్‌లను చూసి, రెండూ వెబ్‌ఎంకు సరిపడితే వెబ్‌ఎం, ఎంపీ4కు సరిపడితే ఎంపీ4, ఏదీ కుదరకపోతే ఎంకేవీ ఎంచుకోవాలి. ప్రస్తుతం మనం అన్నింటికీ చివర ఎంపీ4 అని పేరు తగిలిస్తున్నాము. ఇది సరికాదు.

హెచ్‌ఈవీసీకి ఎంపీ4లో రెండు గుర్తులు ఉన్నాయి: హెచ్‌వీసీ1, హెచ్‌ఈవీ1. డీకోడర్‌కు ముందుగా కావలసిన పారామీటర్ సెట్లు అన్నీ ఫైలు తలభాగంలోనే ఉంటే మొదటి గుర్తు. ఫ్రేముల మధ్యలో కూడా ఉండవచ్చు అన్నప్పుడు రెండవది. యాపిల్ ప్లేయర్లకు, కొన్ని టీవీలకు మొదటిదే కావాలి. ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌కు ఏమీ చెప్పకుండా కాపీ చేయమంటే సాధారణంగా రెండవ గుర్తు పడుతుంది. కాబట్టి సెట్లు తలభాగంలో ఉన్నాయని తేల్చుకున్న తరువాత గుర్తును హెచ్‌వీసీ1గా రాయమని మనమే చెప్పాలి. తేల్చుకోకుండా నాలుగు అక్షరాలు మార్చివేయడం మాత్రం తప్పు. మధ్యలో సెట్లు మారే వీడియో ఆ చోటుకు రాగానే చెదిరిపోతుంది.

ఒక్క విన్నపం. ఈ ఇబ్బందులకు విరుగుడుగా అన్నింటినీ హెచ్.264లోకి తిరిగి ఎన్‌కోడ్ చేసే సదుపాయాన్ని ముందువైపు పెట్టకండి. సుద్దముక్కతో రాసిన సన్నని గీతలు మొదట పోయేది ఆ మార్పిడిలోనే.

8. ఆవర్తనం

నేను వికీమీడియా కామన్స్‌లో తెలుగు ప్రాంతపు కళలు, చేతివృత్తుల వీడియోలను చేరుస్తూ ఉంటాను. అక్కడ పేటెంట్ల కారణంగా హెచ్.264 ఎంపీ4ను స్వీకరించరు; 2014లో సముదాయం దీనిపై చర్చించి వద్దని తేల్చింది. వీపీ9 లేదా ఏవీ1 బొమ్మ, ఓపస్ శబ్దం ఉన్న వెబ్‌ఎం అయితే నేరుగా వెళుతుంది. వీడియో2కామన్స్ అనే సాధనం వెనుక వైటీ-డీఎల్‌పీ ఉండడం వల్ల అక్కడ ఈ ఎంపిక ఇబ్బంది లేకుండా జరిగిపోతోంది. మన సాధనంతో దించినప్పుడు మూలంలో వీపీ9 ఉన్నా హెచ్.264 వచ్చేది, అప్పుడు మళ్ళీ మార్చక తప్పేది కాదు, మంజీర గారు చెప్పిన నష్టం అప్పుడే జరుగుతుంది.

కాబట్టి ఎవరికి ఏది మేలైనదో సాధనం ఒక్కటే నిర్ణయించకుండా, క్రమాన్ని వాడుకరి చెప్పుకొనే వీలు ఉండాలి. రిజల్యూషన్ ముందా, కోడెక్ ముందా, కంటైనర్ ముందా అన్నది నాకు ఒకలా, నల్లరేగడి గారికి మరొకలా ఉంటుంది.

9. కృష్ణాతీరం

క్రమం మార్చుకొనే వీలు ఉండాలన్నది న్యాయమే. అయితే ఏమీ చెప్పని వాడుకరికి ఏది ఇవ్వాలి? అత్యధికులు ఏమీ చెప్పరు. వైటీ-డీఎల్‌పీ రిజల్యూషన్ సమానమైనప్పుడు ఏవీ1ను ముందుంచి, తరువాత వీపీ9, ఆ తరువాత హెచ్‌ఈవీసీ, హెచ్.264 అనే వరుసలో వెళుతుంది. తక్కువ డేటాకు ఎక్కువ నాణ్యత కావాలంటే అది సరైన వరుసే. కాని ఏవీ1ను హార్డ్‌వేర్‌లో విప్పే ఇంటెల్ లాప్‌టాప్ చిప్‌లు 2020లో, 11వ తరంతో మొదలయ్యాయి. యాపిల్ మ్యాక్‌లలో అయితే 2023 నాటి ఎం3తో. అంతకు ముందరి యంత్రాలలో వీడియోలాన్ వారి డేవిడ్ డీకోడర్ ఎంతో మెరుగ్గా పనిచేసినా, భారమంతా ప్రాసెసర్ మీద పడుతుంది. మన వాడుకరులలో కళాశాలలు, గ్రంథాలయాలు ఎక్కువ. అక్కడి కంప్యూటర్లు పాతవి.

నా సూచన: మొదట రిజల్యూషన్, తరువాత హెచ్.264, వీపీ9, ఏవీ1, హెచ్‌ఈవీసీ అనే వరుస. 1080పీ హెచ్.264లో దొరకనప్పుడు రిజల్యూషన్ ముందుంది గనుక ఏవీ1 దానంతటదే వస్తుంది, 480పీకి దిగిపోదు.

10. తీగమల్లె (నిర్వహణ)

డేటా ఖర్చును తలచుకుంటే నాకు వైటీ-డీఎల్‌పీ వరుసే ఇష్టం. అయినా మన వాడుకరుల యంత్రాల గురించి కృష్ణాతీరం గారు చెప్పింది కాదనలేనిది కాబట్టి ఆ వరుసను తీసుకుంటున్నాను. వేరుగా కావలసినవారు ఒక్క ఆప్షన్‌తో మార్చుకోగలరు.

11. దూరతీరం

మెల్‌బోర్న్ నుంచి రాస్తున్నాను. పాలపిట్ట గారు భాషల ప్రస్తావన తెచ్చారు కాబట్టి ఒక చిన్న విషయం. మానిఫెస్ట్‌లలో తెలుగుకు "టీఈ" అనే రెండక్షరాల సంకేతం ఉంటుంది. ఎంపీ4లో భాషను రాసే గడి పదహారు బిట్లది; ఒక బిట్ ఖాళీగా వదిలి, మిగతా పదిహేనులో అక్షరానికి ఐదు బిట్ల చొప్పున మూడు అక్షరాలను పెడతారు. అక్కడ "టీఈఎల్" అనే మూడక్షరాల సంకేతం కావాలి. మన సాధనం మార్చకుండా పంపడం వల్ల ట్రాకు "భాష తెలియదు" అని నమోదవుతోంది. మూడు శబ్దపు ట్రాకులు ఉన్న ఫైలులో తెలుగు ఏదో తెలియక మా అమ్మగారు ఒక్కొక్కటే నొక్కి చూసుకోవలసి వస్తోంది. మార్చడానికి చిన్న జాబితా చాలు. దాన్ని రాసి పంపగలను.

12. కొత్తపేట

నేను కొత్త సభ్యుడిని. డాష్ (హెచ్‌ఎల్‌ఎస్ లాంటి మరొక పద్ధతి) మానిఫెస్ట్‌లలో కొన్ని వరుసలు దిగుతున్నాయి గాని తెర మీద పచ్చని గళ్ళు తప్ప ఏమీ రావడం లేదు. వీటికి కూడా మద్దతు చేర్చుతారా?

13. తీగమల్లె (నిర్వహణ)

కొత్తపేట గారూ, స్వాగతం. అవి ఎన్‌క్రిప్ట్ అయిన ట్రాకులు కావచ్చు. డాష్‌లో కంటెంట్ ప్రొటెక్షన్ అనే ట్యాగ్, ఎంపీ4లో వీడియో గుర్తు స్థానంలో "ఈఎన్‌సీవీ" ఉంటే నిర్ధారణ అయినట్లే. వాటిని విప్పే పని ఈ ప్రాజెక్టులో చేయము. మన దేశంలో 2012 సవరణతో కాపీరైట్ చట్టంలో చేరిన 65ఏ సెక్షన్ హక్కులను ఉల్లంఘించే ఉద్దేశంతో అటువంటి రక్షణలను ఛేదించడాన్ని నేరంగా పరిగణిస్తుంది. అయితే గంటసేపు దించి పనికిరాని ఫైలు ఇవ్వడం కూడా తప్పే. జాబితాలోనే "రక్షిత ట్రాకు" అని చూపి, డౌన్‌లోడ్ మొదలుకాక ముందే ఆగిపోయేలా చేస్తాము.

14. పాలపిట్ట

తలుపు తట్టుతున్న వీవీసీ గురించి కూడా ఇప్పుడే తేల్చుకుంటే మంచిది. హెచ్.266 అనే ఆ ప్రమాణం 2020లో ఖరారైంది. 2024లో ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ 7.0లో ప్రయోగాత్మకంగా వచ్చిన డీకోడర్ అదే ఏడాది 7.1లో స్థిరపడింది. పట్టిక పద్ధతిలో అయితే దీనికి మళ్ళీ వరుసలు రాసుకోవలసి వచ్చేది. కొత్త పద్ధతిలో "వీవీసీ1", "వీవీఐ1" అనే రెండు పేర్లను ఉమ్మడి ఫంక్షన్‌కు చెబితే చాలు. చెప్పకపోయినా వరుస జాబితాలో ఉంటుంది, దిగుతుంది. కలిపేటప్పుడు మాత్రం వాడుకరి వద్ద ఉన్న ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ వెర్షన్‌ను చూసి, అది పాతదైతే ట్రాకులను విడివిడిగా వదిలి, కారణం చెప్పాలి.

15. తీగమల్లె (నిర్వహణ)

అంగీకారమే. కోడెక్ వాక్యాన్ని చదివే ఫంక్షన్, "లేదు", "తెలియదు" అనే స్థితుల విభజన ముందుగా వెళతాయి, ఎందుకంటే మిగతావన్నీ వాటి మీదే ఆధారపడి ఉన్నాయి. తరువాత హెచ్‌ఎల్‌ఎస్ ఆడియో గుంపులు, మ్యాప్ ట్యాగ్. కంటైనర్ ఎంపిక, హెచ్‌వీసీ1 గుర్తు, భాషా సంకేతాలు కలిపే దశకు చెందినవి గనుక చివరికి. ఆవర్తనం గారు కోరిన క్రమం ఆప్షన్‌ను కృష్ణాతీరం గారు రాస్తామన్నారు.

పరీక్షల కోసం నిజమైన మానిఫెస్ట్‌లు కావాలి. పంపేవారు లింకులలో ఉండే లాగిన్ టోకెన్లను, సెషన్ సంకేతాలను తప్పక తొలగించి, సర్వర్ పేరు స్థానంలో ఉదాహరణ పేరు పెట్టండి. వీడియో అక్కరలేదు, మానిఫెస్ట్, ఒక్కొక్క ట్రాకు మొదటి భాగం చాలు.

16. నల్లరేగడి

పరీక్షా బ్రాంచ్‌ను మా సర్వర్‌లో నడిపాను. జాబితాలో ఇప్పుడు 720పీ, 1080పీ ఏవీ1 వరుసలు, 1080పీ హెచ్‌ఈవీసీ వరుస కనబడుతున్నాయి. 1080పీ ఎంచుకుంటే శబ్దపు ట్రాకు దానంతటదే వచ్చి కలుస్తోంది. మంజీర గారు చెప్పినట్లు హెచ్‌ఈవీసీ బొమ్మకు ఏఏసీ శబ్దాన్ని జోడించి, హెచ్‌వీసీ1 గుర్తు వేసిన ఫైలు తరగతి గది టీవీలో చక్కగా నడిచింది. అదే సైటులో మరొక పాఠానికి మాత్రం పారామీటర్ సెట్లు తలభాగంలో లేవు. అందువల్ల సాధనం గుర్తు మార్చకుండా వదిలేసింది, టీవీ దాన్ని తెరవలేదు. ఆ పాఠం మానిఫెస్ట్‌ను, వీడియో ట్రాకు మొదటి భాగాన్ని టోకెన్లు తీసివేసి ఈ పోస్టుకు జతచేశాను.

17. మంజీర

అందింది. సెట్లు మొదటి ముక్కలో ఒక్కసారే ఉన్నాయి, తరువాత ఎక్కడా మారలేదు. ఇటువంటి వీడియోలలో వాటిని తలభాగంలోకి చేర్చి ఆ తరువాతే గుర్తు మార్చడం సురక్షితం. మొత్తం ముక్కలను ఒకసారి చదివి మార్పు లేదని నిర్ధారించుకొనే దశను కలిపే మాడ్యూల్‌లో రాస్తున్నాను. ఈ వారాంతంలో ప్యాచ్ పెడతాను, దయచేసి అదే టీవీ మీద చూసి చెప్పండి.